తిరుపతిలో ఇంటి సోలార్ కొనేవారికి హెచ్చరిక: కొటేషన్‌లో ఒకటి, లారీలో మరొకటి

తిరుపతిలో మిద్దె మీద సోలార్ పెట్టించుకోవాలని కొటేషన్లు తెప్పించుకుంటున్నవారికి ఈ హెచ్చరిక. కొటేషన్‌లో రాసిన ప్యానెళ్ళు ఒకటి, లారీలోంచి దించిన ప్యానెళ్ళు మరొకటి అయిన వ్యవహారం ఎం.ఆర్.పల్లిలో మా ఇంటి ముందే జరిగింది. రెండింటికీ కంపెనీ పేరు ఒక్కటే, వాట్లూ ఒక్కటే, రూపమూ ఒక్కటే కాబట్టి లేబుల్ చదవనివారెవరైనా సరుకు అందినట్టు సంతకం పెట్టి ఊరుకునేవారే. ఫిర్యాదు నడుస్తున్నందున ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరుకన్నా పద్ధతి తెలియడమే తోటివారికి ఎక్కువ ఉపయోగం. ఇది ఒక్కరే చేసే పని అని నేననుకోవడం లేదు.

ముందుగా సబ్సిడీ లెక్క చెప్పాలి, ఎందుకంటే తక్కిన మాయంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు, మొత్తం మీద గరిష్ఠంగా 78,000 రూపాయలు ఇస్తారు. ఆ సొమ్ము అమ్మినవారికి వెళ్ళదు. పని పూర్తయి, మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ వారు తనిఖీ చేసి, నెట్ మీటరు (మనం వాడిన కరెంటునూ, లైనులోకి పంపినదాన్నీ లెక్కించేది) బిగించి, ప్లాంటు నడవడం మొదలయ్యాక కొనుగోలుదారు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. కిలోవాట్లు లెక్కించేటప్పుడు ప్యానెళ్ళ సామర్థ్యం, ఆ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు సామర్థ్యం రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే తీసుకుంటారు. అన్నింటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటుంది: ప్యానెళ్ళే కాక వాటిలో ఎండను కరెంటుగా మార్చే సెల్‌లు కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. వ్యాపారులు వీటిని డీసీఆర్ ప్యానెళ్ళంటారు. దిగుమతి సెల్‌లతో ఇక్కడ కూర్చినవి నాన్ డీసీఆర్. అవి నాసిరకమేమీ కావు, ధర కూడా బాగా తక్కువే. కాకపోతే వాటికి ఈ సబ్సిడీ రాదు.

మూడు సంస్థల నుంచి 3 కిలోవాట్లకు కొటేషన్లు తీసుకున్నాము. మొదటిది పైపైన చూస్తే అందరికన్నా చవక: పెద్ద అక్షరాలతో 1,08,000 రూపాయలని వేశారు. అది సబ్సిడీ పోను మిగిలే ధర అని కింద చిన్న అక్షరాల్లో ఉంది, అంటే మనం కట్టవలసింది 1,86,000. దాని మీద ప్యానెళ్ళను నిలబెట్టే స్ట్రక్చరు ఎత్తు పెంచడానికి 15,000, నెట్ మీటరు కాగితాలకు 6,000, అదనపు కేబులుకు 3,500 విడిగా ఉన్నాయి. జీఎస్టీ కూడా విడిగానే, అదీ 1,86,000 మీద 13.8 శాతం లెక్కన వేశారు. సోలార్ పరికరాల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిగింపుతో కలిపి ఇచ్చే కాంట్రాక్టులో 70 శాతం విలువను సరుకుగానూ 30 శాతాన్ని సేవగానూ లెక్కగడతారు గనుక, ఇదివరకు 13.8 శాతం పడేది ఇప్పుడు మొత్తం మీద 8.9 శాతమే పడుతుంది. వారు పాత రేటునే ఉంచేశారు. అన్నీ కలిపితే లక్షా ఎనిమిది వేలు కాస్తా తడిసి మోపెడై 2,36,168 రూపాయలకు చేరింది.

అందులోనే మరొక కిటుకు ఉంది. 3 కిలోవాట్ల సిస్టమ్ అని పైన రాసి, కింద 540 వాట్ల ప్యానెళ్ళు అయిదు మాత్రమే చూపించారు. అయిదింటికీ కలిపి 2.7 కిలోవాట్లే అవుతుంది. 3 కిలోవాట్లన్నది ఇన్వర్టరు సంగతి. పథకం తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి వచ్చే సబ్సిడీ 72,600 రూపాయలే, వారు తగ్గించి చూపిన 78,000 కాదు. అందుకే సిస్టమ్ పేరు చూడకుండా, పన్నులతో సహా మొత్తం ధరను ప్యానెళ్ళ మొత్తం వాట్లతో భాగించి చూడడం మంచిది. అలా చూస్తే అందరికన్నా చవకైన ఆ కొటేషన్ వాటుకు 87 రూపాయలు దాటింది. అన్ని ఖర్చులూ కలిపి 2,05,000 చెప్పిన రెండో సంస్థది, 540 వాట్లవి ఆరు ప్యానెళ్ళకు, వాటుకు 63 రూపాయలు పడింది. 550 వాట్ల టాప్‌కాన్ ప్యానెళ్ళు ఆరింటికి 2,38,000 చెప్పిన మూడో సంస్థది 72 రూపాయలు.

టాప్‌కాన్ అంటే సెల్ తయారీలో ఒక కొత్త రకం, దాని గురించి ఒక మాట. మన ఎండలకు అవి తప్ప వేరేవి పనికిరావన్నట్టు కొందరు చెబుతారు. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటివి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద సెల్ 65 డిగ్రీలదాకా వేడెక్కుతుంది. అంతకుముందు నుంచీ ఉన్న మోనో పెర్క్ రకం డిగ్రీకి సుమారు 0.35 శాతం, టాప్‌కాన్ సుమారు 0.30 శాతం నష్టపోతాయి కాబట్టి ఆ వేడిలో తేడా రెండు శాతం. దానికోసమే వేలు పోయనక్కరలేదని నా అభిప్రాయం. రోజుకు 18 యూనిట్లు వస్తాయని, కరెంటు పోయినా ఇల్లంతా నడుస్తుందని చెప్పేవారిని ఇంకా ఎక్కువగా అనుమానించాలి. కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తే బాగా వచ్చినట్టే. బ్యాటరీ లేని మామూలు ఇన్వర్టరు, లైన్‌మన్ భద్రత కోసం, లైనులో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది.

రెండో సంస్థ కొటేషన్‌లో ప్రతి వస్తువుకూ కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉన్నాయి; ప్యానెళ్ళ పక్కన డీసీఆర్ అని స్పష్టంగా ఉంది; ‘లేదా అందుకు సమానమైనది’ అన్న తప్పించుకునే మాట ఎక్కడా లేదు. కాగితం అంత శుభ్రంగా ఉన్నందున వారికే 60,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి పని ఒప్పజెప్పాము.

సరుకు దిగిన రోజున పనివాళ్ళు ప్యానెళ్ళను కాంపౌండు గోడకు ఆనించి నిలబెట్టారు. అట్టపెట్టెల మీద మేము ఒప్పుకున్న కంపెనీ పేరే ఉంది. ప్యానెల్ వెనక, కేబుళ్ళు బయటికి వచ్చే జంక్షన్ బాక్సుకు కాస్త కింద, తెల్లని లేబుల్ ఉంటుంది; పీమ్యాక్స్ (గరిష్ఠ సామర్థ్యం) 540 వాట్లు, వీఓసీ (వోల్టేజి), ఐఎస్‌సీ (కరెంటు) విలువలు, మోడల్ నంబరు అన్నీ దాని మీద ఉంటాయి. కొటేషన్ పట్టుకుని ఒక్కొక్క అక్షరం సరిచూస్తే, మోడల్ నంబరు చివర కాగితంలో ఉన్న మూడక్షరాలు లేబుల్ మీద లేవు. ఆరింటి మీదా అంతే. అద్దం లోపల బార్‌కోడ్ పట్టీ మీదుండే సీరియల్ నంబర్లను ఫోటోలు తీసి తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపితే, ఇవి నాన్ డీసీఆర్ కింద అమ్మినవని జవాబు వచ్చింది. పెద్ద కంపెనీలు రెండు రకాలూ తయారు చేస్తాయి. బ్రాండు పేరు చూసి ధైర్యపడడానికి వీల్లేనిది ఇందుకే.

అడిగితే వారి సూపర్‌వైజరు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, “కంపెనీ అదే కదా సార్, వాట్లూ అవే. ఆ మోడల్ స్టాకు లేక ఇవి తెచ్చాము. సబ్సిడీ సంగతి మాకొదిలెయ్యండి, పోర్టల్‌లో అంతా మేమే చూసుకుంటాము” అన్నాడు. ఈ చివరి మాటకు భయపడాలి. దరఖాస్తు ఉండేది మన పేరు మీద, మన సర్వీసు నంబరు మీద. పథకం పోర్టల్‌లో ఎక్కించిన సీరియల్ నంబర్లకూ మిద్దె మీదున్న ప్యానెళ్ళకూ పొంతన లేదని తనిఖీలో తేలితే సబ్సిడీ పోగొట్టుకునేది మనమే. డీసీఆర్ ధర తీసుకుని నాన్ డీసీఆర్ ఇచ్చినందువల్ల మిగిలే సొమ్ము మాత్రం వారిది.

ప్యానెళ్ళ దగ్గర తేడా కనబడ్డాక మిగతావీ విప్పి చూశాము. స్ట్రక్చరు 80 మైక్రాన్ల హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) అని కాగితంలో ఉంది. వచ్చిన పైపులకు కోసిన చివర్లలో తుప్పు మరకలున్నాయి, వాటి మీద వెండి రంగు పెయింటు పూశారు. కార్తీక, మార్గశిర మాసాల్లో బంగాళాఖాతం వాయుగుండాలు తెచ్చే గాలీవానా మన ఊరికి కొత్త కాదు గనుక ఎత్తుగా నిలబెట్టే స్ట్రక్చరు దగ్గర రాజీ పడకూడదు. ప్యానెళ్ళ (డీసీ) వైపుకు ఒకటి, ఇంటి కరెంటు (ఏసీ) వైపుకు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి చొప్పున మూడు ఎర్తింగులు ఉండాలి. తెచ్చినవి రెండు రాడ్లు. కేబుళ్ళకు పైపు అసలు తేలేదు. అలిపిరి వైపు ఉండేవారికి కోతుల సంగతి నేను చెప్పనక్కరలేదు.

పని అక్కడే ఆపించి సరుకు వెనక్కి పంపించాము. అడ్వాన్సులో 45,000 తిరిగి వచ్చింది. రవాణా, డిజైన్ ఖర్చులంటూ 15,000 పట్టుకున్నారు. అలాంటి కోత ఉంటుందని కొటేషన్‌లో ఎక్కడా లేదు. లేబుల్ ఫోటోలు, తయారీ కంపెనీ జవాబు, బ్యాంకు రసీదు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాము. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము.

మూడో సంస్థతో ఇప్పుడు మాట్లాడుతున్నాము. ఈసారి ఒప్పందంలో రెండు వాక్యాలు అదనంగా రాయించాము: సీరియల్ నంబర్లను తయారీ కంపెనీ ధ్రువీకరించాకే ప్యానెళ్ళు మిద్దె ఎక్కాలి, మోడల్ మారితే అడ్వాన్సు పూర్తిగా వాపసు ఇవ్వాలి. సీరియల్ నంబర్లన్నీ బిల్లులో రాసి ఇవ్వమని కూడా అడిగాము, ఎందుకంటే ప్యానెల్ వస్తువు మీద 12 ఏళ్ళు, ఉత్పత్తి మీద 25 ఏళ్ళు అని చెప్పే వారంటీ తయారీ కంపెనీ ఇచ్చేదే, దానికి ఆధారం ఆ బిల్లే. బ్యాంకు లోనుతో కొనేవారు ఈ షరతులను లోను మంజూరు కాకముందే రాయించుకోవాలి, ఎందుకంటే ఆ సొమ్ము నేరుగా అమ్మకందారు ఖాతాలోకే వెళ్తుంది.