వైజాగ్ పిరమిడ్ వీఆర్ షో: ముందు ఇరవై నిమిషాలు సూపర్, చివరి ఐదు నిమిషాలు వాట్సాప్ ఫార్వర్డ్

బీచ్ రోడ్ వైపు కొత్తగా ఒక వీఆర్ (కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని చూసేది) హాల్ పెట్టారు కదా, పెద్ద పిరమిడ్ బొమ్మ, కింద "రహస్య మార్గాల్లోకి ప్రయాణం" అని బోర్డు, అక్కడికి పోయిన ఆదివారం వెళ్ళొచ్చాం. పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది. వెళ్ళింది ముగ్గురం, నేనూ, మా అక్క కొడుకు (ఏడో క్లాసు, ఈజిప్టు అంటే పిచ్చి), మా నాన్న. నాన్నకి 68, అసలు రానన్నారు, మురీ మిక్చర్ తినిపిస్తాం అంటే బయల్దేరారు.

టికెట్ 350, పిల్లలకి 250, మొత్తం 25 నిమిషాలు. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నా టైమ్ స్లాట్ ఏమీ పాటించట్లేదు, నలభై నిమిషాలు కుర్చీల్లో కూర్చోబెట్టారు, ఫ్యాన్ ఒకటే, అదీ కౌంటర్ అబ్బాయి వైపు తిరిగి ఉంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి హెడ్‌సెట్ ముక్కు మీద నొక్కేస్తది, నాన్న కళ్ళజోడు తీసేసి పెట్టుకున్నారు, అయినా బానే కనిపించిందట. ముందోడి చెమట తుడవకుండా నాకు ఇచ్చారు, అడిగితే టిష్యూతో తుడిచారు. మీరూ అడగండి, మొహమాటపడొద్దు.

ఇక షో. మొదలే బావుంది. ఈజిప్టులో అన్నిటికన్నా పెద్దదైన ఖుఫు పిరమిడ్ ముందు నిలబెడతారు, తలెత్తితే ఆకాశం సగం రాయే. కట్టినప్పుడు 146 మీటర్ల పైన, ఇప్పుడు 138 చిల్లర, ఇరవై మూడు లక్షల రాళ్ళు అని చెప్తూ లోపలికి తీసుకెళ్తారు. అసలు వాకిలి లోంచి కాదు, తొమ్మిదో శతాబ్దంలో ఖలీఫా అల్ మామూన్ మనుషులు తవ్వారని చెప్పుకునే సొరంగం లోంచి, ఇప్పుడు టూరిస్టులు వెళ్ళేదీ అదే దారి. అక్కడ్నుంచి పైకెక్కే ఇరుకు దారి, ఎత్తు సుమారు 1.2 మీటర్లు, నిజంగానే హాల్లో నేలని ఏటవాలుగా కట్టారు, నడుం వంచాల్సిందే. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపల ఒక అరలోంచి ఇంకో అరలోకి వంగి దూరతాం చూడండి, అలా ఉంటది, కాకపోతే ఇది అయిపోదు, వెళ్తూనే ఉంటది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, పక్కన కుర్చీ వేశారు, అది మెచ్చుకోవాలి.

ఆ ఇరుకు లోంచి ఒక్కసారి గ్రాండ్ గ్యాలరీలోకి వస్తాం. తెలుగు కామెంటరీలో దాన్ని "గొప్ప గ్యాలరీ" అన్నారు, నవ్వొచ్చింది, కానీ నవ్వు రెండు సెకన్లే. 47 మీటర్ల పొడవు, ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు, రెండు వైపులా గోడలు పైకి వెళ్ళేకొద్దీ వరస వరసకీ కొంచెం కొంచెం లోపలికి జరుగుతూ దగ్గరైపోతాయి. మావాడు "మావయ్యా, బొర్రా గుహల్లాగుంది" అన్నాడు, నేను అది దేవుడు కట్టింది ఇది మనిషి కట్టింది అన్నాను, వాడికి నా డైలాగ్ నచ్చలేదు.

రాజు గది గురించి ఎక్కువ చెప్పను, గ్రానైట్ గది, మూత లేని రాతి తొట్టి, అంతే. పైన తొమ్మిది గ్రానైట్ దూలాలు, ఒక్కోటి పదుల టన్నులు, ఆ పైన బరువు కాసుకోడానికి ఒకదాని మీద ఒకటి ఐదు చిన్న అరలు. మొదటి అర 1765లో దొరికింది, మిగతా నాలుగు 1837లో బాంబు మందు పెట్టి పేల్చి తెరిచారు. పురాతన కట్టడాన్ని పేల్చడమేటి అని నాన్న అక్కడే గట్టిగా అనేశారు, పక్కనోళ్ళు హెడ్‌సెట్ తీసి చూశారు.

నా లెక్కలో 350కి న్యాయం చేసింది రోబో పార్ట్. రాణి గది అని పేరే గానీ అందులో రాణిని పెట్టలేదు. ఆ గది గోడల్లోంచి 20 సెంటీమీటర్ల చదరం తూములు పైకి పోతాయి, 1872 దాకా అవి ఉన్నాయనే తెలీదు. 1993లో గాంటెన్‌బ్రింక్ అనే జర్మన్ ఇంజినీర్ దక్షిణం తూములోకి చిన్న రోబోని పంపిస్తే అరవై మీటర్లు దాటాక ఒక రాతి పలక అడ్డం, దానికి రెండు రాగి పిడుల్లాంటివి. షోలో ఆ రోబోని మన చేతికే ఇస్తారు, జాయ్‌స్టిక్‌తో ఎక్కించాలి, మావాడు రెండుసార్లు గోడకి గుద్దాడు. 2002లో టీవీ లైవ్‌లో ఆ పలకకి కన్నం పెట్టి కెమెరా దూర్చారు, ప్రపంచమంతా చూస్తోంది, లోపల కొంచెం ఖాళీ, ఆ వెనక ఇంకో రాయి. హాల్లో అందరూ "అయ్యో" అన్నారు. తర్వాత ఇంకో రోబో వంగే కెమెరాతో లోపల నేల మీద ఎర్ర రంగు గీతలు కూడా చూసింది, 2011లో ఆ ఫోటోలు బయటికొచ్చాయి. రెండో రాయి వెనక ఏముందో ఇప్పటికీ తెలీదు. షో వాళ్ళు ఇక్కడ నిజాయితీగా ఆపేశారు, రాయి చూపించి లైట్ ఆర్పేశారు. ఇదే పద్ధతి చివరిదాకా ఉంచి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

తర్వాత మ్యూయాన్లు అనే సూక్ష్మ కణాల సెక్షన్, ఇక్కడే మా నాన్న లేచి కూర్చున్నారు. కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చెప్పాలి. ఆయన స్టీల్ ప్లాంట్‌లో వెల్డింగ్ టెస్టింగ్ చేసి రిటైరయ్యారు, రాత్రి షిఫ్ట్‌లో చుట్టూ తాడు కట్టి ఎవర్నీ రానీకుండా రేడియేషన్ వదిలే ఇరిడియం సోర్స్ పెట్టి పైపు జాయింట్లకి ఫిల్మ్ తీసేవాళ్ళు, లోపల గాలి బుడగ ఉంటే ఫిల్మ్ మీద ఆ చోటు నల్లగా వస్తది. పిరమిడ్‌కీ అదే లెక్క, కాకపోతే సోర్స్ ఆకాశం నుంచే వస్తది. అంతరిక్షం నుంచొచ్చే కిరణాలు పైన గాలికి తగిలి మ్యూయాన్లు పుడతాయి, మన అరచేతిలోంచే నిమిషానికి సుమారు వంద దూసుకుపోతుంటాయి, రాయి ఎక్కువుంటే కొన్ని ఆగిపోతాయి, ఖాళీ ఉంటే ఎక్కువ దాటొస్తాయి. రాణి గదిలో జపాన్ నగోయా యూనివర్సిటీ వాళ్ళు నెలల తరబడి ఫిల్ము ప్లేట్లు పెట్టి లెక్కపెట్టారు. "ఫిల్మేరా, మా ఫిల్మే!" అని నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. ఇంకో రెండు టీములు వేరే రకం డిటెక్టర్లతో చూస్తే అదే చోట అదే తేడా. 2017 నవంబర్‌లో ప్రకటించారు, గ్రాండ్ గ్యాలరీ పైన కనీసం 30 మీటర్ల పొడవు ఖాళీ ఉందని. 2023 మార్చిలో ఉత్తరం వాకిలి పైన 9 మీటర్ల కారిడార్, రెండు మీటర్ల వెడల్పు, దాన్నైతే రాళ్ళ సందులోంచి 6 మిల్లీమీటర్ల కెమెరా దూర్చి కళ్ళతో చూశారు, మనకి కడుపులో ఎండోస్కోపీ చేసినట్టే. లోపల ఏమీ లేదు, పైన గూడులా వాల్చిన రాళ్ళు.

ఇక్కడిదాకా బ్రహ్మాండం. తర్వాత మొదలైంది.

"ఇప్పుడు మీరు తెరవబోతున్నారు" అని మ్యూజిక్, ఆ 30 మీటర్ల ఖాళీ గోడ బద్దలై లోపల బంగారు పడవ, బంగారు సింహాసనం, నీలం వెలుగు వచ్చే స్తంభం, మమ్మీ కళ్ళు తెరవడం, అది సరే పిల్లల కోసం అనుకుందాం. అక్కడితో ఆగారా, పక్కనున్న ఖఫ్రే పిరమిడ్ కింద వందల మీటర్ల లోతుకి పెద్ద పెద్ద స్తంభాలు ఉన్నాయని, "శాస్త్రవేత్తలు నిరూపించారు" అని కామెంటరీ! ఇది 2025 మార్చిలో ఇటలీ వాళ్ళు శాటిలైట్ రాడార్‌తో కనిపెట్టాం అని ప్రెస్ మీట్ పెట్టి చెప్పింది, మన ఫ్యామిలీ గ్రూపులన్నిట్లో తిరిగింది, అప్పటికి వేరే సైంటిస్టులు పరిశీలించి అచ్చేసిన పేపరే లేదు, రాడార్ రాతిలో అంత లోతు చూడలేదని నిపుణులు చెప్పారు, ఈజిప్టు పురావస్తు నిపుణుడు జాహి హవాస్ కూడా కొట్టిపారేశారు. ఇదే ఖఫ్రే పిరమిడ్‌లో 1960ల చివర్లో అల్వారెజ్ అనే నోబెల్ ఫిజిసిస్టు లోపలి గదిలో డిటెక్టర్ పెట్టి మ్యూయాన్లు లెక్కగట్టాడు, పైన చూసిన మేరకి రహస్య గదులేవీ లేవని తేల్చాడు. మొట్టమొదట పిరమిడ్‌కి ఈ పద్ధతి వాడింది ఆయనే, ఆయన పేరు షోలో ఒక్కసారీ లేదు. ఏమీ దొరకలేదు కదా, టికెట్లు అమ్ముడవ్వవు.

బయటికొచ్చాక నాన్న మురీ మిక్చర్ కూడా మర్చిపోయి కౌంటర్ దగ్గర నిలబడ్డారు. "బాబూ, నేను ముప్పై ఏళ్ళు ఫిల్ములు చూశాను, మచ్చ కనిపిస్తే ఖాళీ ఉందని రాస్తాం, ఎంతుందో రాస్తాం, అందులో బంగారం ఉందని ఏ ఇన్‌స్పెక్టరైనా రాస్తే ఉద్యోగం పోద్ది" అన్నారు. ఆ అబ్బాయి పాపం, "సార్ మాకు పైనుంచి కంటెంట్ వస్తది సార్" అన్నాడు. మావాడు మాత్రం "తాతా, ఉండొచ్చు కదా" అన్నాడు. నాన్న దానికి కోప్పడలేదు. ఉండొచ్చురా, అన్నారు. రెండో గ్రాండ్ గ్యాలరీ కావచ్చు, రాళ్ళు పైకి లాగడానికి వాడి వదిలేసిన వాలు కావచ్చు, బరువు తగ్గించడానికి వదిలిన సందు కావచ్చు, రాజు అసలు గది కూడా కావచ్చు, ఎవరికి తెలుసు, ఉండొచ్చు అని చెప్పి వాళ్ళు వదిలేస్తే మనం ఇంటికెళ్ళి రాత్రంతా ఆలోచించుకునేవాళ్ళం కదా, వాళ్ళే బంగారం పోసేసి తలుపేసేశారు అన్నారు. నాకైతే ఇది కరెక్టే అనిపించింది, రోబో దగ్గర ఆ రెండో రాయి చూసినప్పుడు వచ్చిన గుబులు ఆ బంగారు పడవ చూస్తే రాలేదు.

కాబట్టి నా స్టార్లు మూడు. పిల్లలతో వెళ్ళండి, రోబో కోసమైనా వెళ్ళండి, నీలం వెలుగు రాగానే హెడ్‌సెట్ తీసెయ్యండి. సాయంత్రం ఐదు తర్వాత పార్కింగ్ దొరకదు, 900K నంబర్ బస్సు ఎక్కితే హాయి.

వచ్చేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పాత అలవాటు కొద్దీ రిపోర్టులా రాశారు: "చోటు: గ్రాండ్ గ్యాలరీ పైన. కనిపించింది: ఖాళీ, కనీసం 30 మీటర్లు. రిమార్కులు: ఇంకా తెరవలేదు." కింద సంతకం, తేదీ. కౌంటర్ అబ్బాయి చదివి, "సార్, ఆఫర్ల మెసేజ్‌కి ఫోన్ నంబర్ రాయలేదు" అన్నాడు.