పంటు రేవుల వెంట: డెల్టాలో తెరచాప పడవకు చోటు వెతికిన ప్రయాణం

మా బావకు డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో ఒక సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ ఉంది. పేరు కాటలీనా 22. 1969లో మొదలైన మోడల్, పదిహేను వేలకు పైగా తయారయ్యాయి. అమెరికాలో పాత కాటలీనా దొరకడం మన దగ్గర పాత స్ప్లెండర్ బండి దొరికినంత తేలిక. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, వెడల్పు ఏడున్నర దాటి ఉంటుంది, బరువు టన్ను పైచిలుకు. ట్రైలర్ మీదికి ఎక్కించి కారు వెనక తగిలించుకుంటే ఏ సరస్సుకైనా పోవచ్చు. లోపల నలుగురు సర్దుకుని పడుకోవచ్చు. ముందు యజమాని ముచ్చటపడి అమర్చుకున్న రెండు బర్నర్ల స్టవ్, చిన్న పోర్టబుల్ టాయిలెట్, సోలార్ ప్యానెల్, లోతు చూపించే మీటరు, ఎండ తగలకుండా గుడ్డ పందిరి, అన్నీ దాంతోపాటే వచ్చేశాయి. "పడవ కంటే సామాను ఖరీదే ఎక్కువ. పాతది కొంటే లాభం అక్కడే" అంటాడు బావ.

సంక్రాంతికి అక్కా బావా పిల్లలతో అంబాజీపేట వచ్చారు. పండగ హడావిడి తగ్గాక బావకు ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి పడవ మన గోదావరిలో వేస్తే ఎక్కడ నడుస్తుంది, రాత్రికి ఎక్కడ లంగరేసుకోవచ్చు అని ఒకసారి తిరిగి చూద్దామన్నాడు. అక్కకు ఆ గొడవ పట్టదు. పిల్లలు పడుకోవడానికి మంచి గది, శుభ్రమైన బాత్రూం ఉంటే చాలు తనకు. ఇద్దరి లెక్కలూ పెట్టుకుని తిరిగాం కాబట్టి ఇందులో నీళ్ళ సంగతులూ బస సంగతులూ కలిసే వస్తాయి.

బావ చూసేవి మూడే: కింద ఎంత నీరుంది, పైన ఎంత ఖాళీ ఉంది, ట్రైలర్ దింపడానికి ఏటవాలు చోటుందా. కాటలీనా అడుగున రెండున్నర క్వింటాళ్ళ పోత ఇనప పలక ఒకటి వేలాడుతుంది. గాలికి పడవ మరీ ఒరిగిపోకుండా, పక్కకు కొట్టుకుపోకుండా పట్టుకునేది అదే. దించితే అయిదడుగుల నీళ్ళు కావాలి. చేత్తో విన్చి (తీగను చుట్టే చక్రం) తిప్పి పైకి లాగేస్తే రెండడుగుల్లో తేలుతుంది. లోతు చూడ్డానికని బావ ఒక నైలాన్ తాడుకు అడుక్కొకటి చొప్పున ముళ్ళేసి, చివర ఇనప గుండు కట్టి తెచ్చుకున్నాడు. ప్రతి రేవులోనూ అది నీళ్ళలో వేస్తుంటే జనం చుట్టూ చేరి "గేలమాండీ?" అని అడిగేవారు.

కాలవల సంగతి త్వరగానే తేలిపోయింది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి, బొబ్బర్లంక మీదుగా లొల్ల లాకులకు వెళ్ళాం. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన ఈ కాలవలు సాగునీటికే కాదు, పడవలకు కూడా. పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే ఈ లాకులు కట్టిందే అందుకు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న పాత కాలవల దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు కూడా. అయితే ఇప్పుడు ఊరికొక వంతెన, అదీ నీటికి తల ఆనేంత ఎత్తులో. కాటలీనా తెరచాప కట్టే కొయ్య నీటి మీది నుంచి తొమ్మిది మీటర్లకు దగ్గరగా ఉంటుంది. కొన్నిచోట్ల గుర్రపుడెక్క ఒడ్డునుంచి ఒడ్డుకు అల్లుకుపోయింది. ఎండాకాలం మరమ్మతుల కోసం నీళ్ళు కట్టేస్తారు. పిల్లలకు మాత్రం లొల్ల బాగా నచ్చింది. లాకుల దగ్గర నీడ బాగుంది, ఆత్రేయపురం పక్కనే కాబట్టి బెల్లం పూతరేకులు అక్కడే తయారవుతుంటే చూసి మరీ కొనుక్కోవచ్చు. పూట గడపడానికి వెళ్ళండి. రాత్రి ఉండే ప్లాన్ పెట్టుకోకండి.

అక్కణ్ణుంచి దిండి. అందరూ చెప్పే చోటు, ఫొటోల్లో కనిపించే చోటు. వశిష్ఠ పాయ ఒడ్డు, కొబ్బరితోటలు, హౌస్‌బోట్లు. మేం ఎక్కిన హౌస్‌బోటు ఎవరిదో చెప్పను గానీ, అనుభవం మాత్రం చెప్పాలి. సాయంత్రం ఒక చుట్టు తిప్పి, చీకటి పడకముందే రేవుకు తెచ్చి కట్టేశారు. అది న్యాయమే, రాత్రిపూట ఏటి మీద తిప్పకూడదు. కానీ తెల్లవార్లూ వెనకాల జనరేటర్ మోగుతూనే ఉంది. ఏసీ కావాలంటే అది మోగాలి, అది మోగితే డీజిల్ వాసన గదిలోకి వస్తుంది, కిటికీ తీస్తే దోమలు. రొయ్యల వేపుడు, ముద్దపప్పు, ఆవకాయ మాత్రం వంక పెట్టడానికి లేదు. వంటతను అన్నం రెండోసారి అడక్కుండానే వడ్డించాడు.

నాకు కోపం వచ్చింది లైఫ్ జాకెట్ల దగ్గర. అన్నీ పెద్దవాళ్ళ సైజులే. మా మేనకోడలికి తొడిగితే చెవుల మీదికి వచ్చేసింది, నీళ్ళలో పడితే పిల్ల కిందికి జారిపోయి జాకెట్ పైన తేలుతుంది. టెక్సస్‌లో ఇరవై ఆరడుగుల లోపు పడవ కదులుతుంటే పదమూడేళ్ళ లోపు పిల్లలు సరిపోయే జాకెట్ వేసుకుని తీరాలని చట్టం ఉందట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన తర్వాత మన దగ్గరా జాకెట్లు కనిపిస్తున్నాయి, సంతోషమే. సైజు సంగతి ఇంకా ఎవరికీ పట్టలేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు వాళ్ళ బరువుకు తగినవి కొని తీసుకెళ్ళండి. బావ పిల్లల జాకెట్లు సూట్‌కేసులోనే ఉన్నాయి కాబట్టి మాకు టెన్షన్ తగ్గింది.

దిండి గురించి నా మాట ఏమిటంటే, ఒడ్డున గది తీసుకోండి, పడవ మీద సాయంత్రం ఒక గంట తిరగండి. రెండూ కలిపినా హౌస్‌బోటు రాత్రి కంటే తక్కువే అవుతుంది, నిద్ర కూడా పడుతుంది. తెరచాపకు ఇక్కడ లోతు ఢోకా లేదు, బావ తాడు ముళ్ళు అన్నీ మునిగిపోయాయి. ఇబ్బందల్లా చించినాడ వంతెనే. కాటలీనా కొయ్యకు అడుగున బందు ఉంటుంది కాబట్టి దించి, వంతెన దాటి, మళ్ళీ నిలబెట్టొచ్చు అన్నాడు బావ. "ఏట్లో ఆ కొయ్య దించుతుంటే పిల్లల్ని ఎవరు పట్టుకుంటారు?" అంది అక్క. ఆ చర్చ అంతటితో ఆగిపోయింది.

సఖినేటిపల్లి రేవులో మాత్రం బావ ముఖం వెలిగింది. అవతల ఒడ్డున నరసాపురం. మధ్యలో పంటు, అంటే ఏరు దాటించే బల్లకట్టులాంటి పడవ. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు అన్నీ దానిమీదే. అంటే కారు దిగడానికి వీలుగా ఒడ్డు నుంచి నీళ్ళ దాకా ఏటవాలు దారి ఉండాల్సిందే కదా. అమెరికాలో ప్రతి సరస్సు దగ్గరా సిమెంటు ర్యాంపు కడతారు, ట్రైలర్ను వెనక్కి తోస్తూ పడవ తేలేదాకా నీళ్ళలోకి దింపుతారు. కాటలీనాకు అడుగున ఇనప పలక ఉంటుంది కాబట్టి ఇంకాస్త లోతుకు దిగాలి, అందుకని ట్రైలర్ ముందు భాగానికి పొడిగింపు గొట్టం కూడా ఉంటుంది. డెల్టా అంతా తిరిగినా అలాంటి దారి మాకు కనిపించింది పంటు రేవుల్లోనే. ఇక్కడ, గౌతమి పాయ మీద కోటిపల్లి దగ్గర.

బావ ఫోన్లో కాటలీనా ఫొటో చూపించి పంటు నడిపే సరంగుని అడిగాడు. ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, ట్రైలర్ చక్రాల దగ్గర ఆగి చూశాడు. "పోటు మీద దింపుకోవాలండి. పాటుకి దింపేరంటే సిమెంటు దాటిపోయి చక్రాలు ఒండ్రులో దిగబడిపోతాయండి, ఆయ్. వరదల్లో అయితే పంటే కట్టేత్తాం, ఇంక మీ పడవేంటండి" అన్నాడు. పోటంటే సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కే వేళ, పాటంటే దిగే వేళ. బావ ఏ మీటర్లూ లేకుండా తెలుసుకోవాలనుకున్నవన్నీ ఆ మూడు మాటల్లో వచ్చేశాయి. పంటు దిగే జనం మధ్యలో మనం ట్రైలర్ పెట్టుకుని కూర్చుంటే మాత్రం హారన్ల మోతకు చెవులు పోతాయి.

అంతర్వేది వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, ఏరు సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళి వచ్చేశాం. మొగ దగ్గర ఇసుక మేటలు ఏటికేడు జరిగిపోతుంటాయి, కొత్తవాళ్ళు పడవతో అటు పోకూడదు. మాఘమాసంలో కల్యాణానికి సత్రాల్లో చోటు దొరకదు. మామూలు రోజుల్లో పరవాలేదు, బాత్రూంల మీద ఆశలు పెట్టుకోకపోతే.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది యానాం. యెదుర్లంక వంతెన దాటాక సముద్రం దాకా గౌతమికి అడ్డంగా మరో వంతెన లేదు. ఏరు వెడల్పు, పోటు పాటూ రెండూ తగులుతాయి, మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి నిలకడగా వస్తుంది. ఏటి ఒడ్డు శుభ్రంగా ఉంటుంది, నడవడానికి బాట ఉంది, పిల్లలు పరిగెత్తొచ్చు. ఏటివైపు కిటికీ ఉన్న గది దిండిలో ఇచ్చినదాంట్లో సగానికే వచ్చింది. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిచ్చారు, దుప్పట్లు ఉతికినవే. శని, ఆదివారాలు మాత్రం వద్దు. మందు చవక కాబట్టి చుట్టుపక్కల నుంచి కుర్రకారు దిగిపోతారు, మెట్లమీద అర్ధరాత్రి దాకా గోల. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు వారం మధ్యలో వెళ్ళండి.

అక్కడ ఒక మత్స్యకారుడి నావ మాట్లాడుకుని భైరవపాలెం వైపు కొంతదూరం వెళ్ళాం. అడుగు బల్లపరుపుగా ఉండే నావ, మోకాలి లోతు నీళ్ళలో కూడా జారిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఇంజను ఆపేసి, వెదురు గెడకు నీలం పట్టా కట్టి నిలబెట్టాడు. వెనకనుంచి సముద్రం గాలి, కింద పోటు. డీజిల్ ఖర్చు లేకుండా ఇంటికి చేరడం వాళ్ళకు రోజూ ఉండేదే. బావ చుక్కాని అడిగి తీసుకున్నాడు. పట్టా ఒక మూల చిరిగి టపటపా కొట్టుకుంటుంటే, ఆయన తలగుడ్డ చింపి ఆ కన్నంలోంచి దూర్చి ముడేశాడు, చేతులవైపు చూడకుండానే. పన్నెండు వందలు అడిగాడు, ఇచ్చాం. హౌస్‌బోటులో పిల్లలు ఫోన్లు చూస్తూ కూర్చున్నారు. ఇక్కడ ఫోన్ గుర్తే రాలేదు. జాకెట్లు మావి మేం తెచ్చుకున్నవే, నావలో అలాంటివేమీ ఉండవు. నీడ కూడా ఉండదు, టోపీలు మర్చిపోకండి.

కాకినాడ దారిలో తాళ్ళరేవు దగ్గర చెక్క పడవలు కట్టేచోట ఆగాం. పక్కటెముకలు బిగించిన పెద్ద పడవ ఒకటి ఒడ్డున నిలబడి ఉంది, ఇద్దరు కుర్రాళ్ళు పలకల సందుల్లో నూలు కూరి ఉలితో కొడుతున్నారు. మేస్త్రీగారు కాటలీనా ఫొటో చూసి మొదట అడిగింది ఆ ఇనప పలక గురించే. "దాన్ని ఎత్తే తాడు తెగితే?" బావ నవ్వాడు. పాత కాటలీనా కొనేవాళ్ళు ముందు చూడాల్సింది సరిగ్గా అదే. పలకను లాగే స్టీలు తీగ, అది వేలాడే ఇరుసు, తర్వాత కాలితో తొక్కితే డెక్కు మెత్తగా దిగుతుందా అన్నది, చివరికి ట్రైలర్ టైర్ల వయసు. మంచినీళ్ళలోనే తిరిగిన పడవ అయితే ధర ఎక్కువ పలుకుతుంది, ఉప్పునీళ్ళలో పోత ఇనుము పొరలుపొరలుగా లేస్తుంది కాబట్టి. "మరి మా నీళ్ళు సగం ఉప్పే కదండీ" అన్నారు మేస్త్రీగారు.

కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడక బాగుంది, పొద్దున్నే వెళితే ఇంకా బాగుంటుంది. బావురుపిల్లి కనిపించలేదు గానీ ఒండ్రులో దాని అడుగులు కనిపించాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది, 1839 తుపానుకు నాశనమైపోయింది. అటవీ శాఖ బోటు పోటును బట్టే కదులుతుంది. పాటులో వెళ్ళిన మేం టిక్కెట్ల దగ్గర చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. పోటు ఎప్పుడో ముందురోజే అడిగి తెలుసుకుని వెళ్ళండి.

కాకినాడ దగ్గర సముద్రం అంటే నిజానికి చెరువులాంటి అఖాతం. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుగా ఉండటంతో అలలు లోపలికి రావు. కుటుంబంతో తెరచాప వేసుకోవడానికి డెల్టా మొత్తంలో ఇదే సరైన నీరని బావ తేల్చేశాడు, యానాం దీని తర్వాత. జనవరి నుంచి మార్చి దాకా అయితే తుపాన్ల భయం తక్కువ. బస కూడా ఇక్కడే తేలిక, నగరం కాబట్టి ప్రతి ధరలో గది దొరుకుతుంది. భోజనానికి సుబ్బయ్య హోటల్ ఉండనే ఉంది, ఆకలితో వెళ్ళాలి అంతే.

ఇక డాలస్ పడవ ఇక్కడికి తేవడం గురించి. బావ హోటల్ గదిలో కూర్చుని లెక్కేశాడు. షిప్పింగ్ కంటైనర్ తలుపు వెడల్పు దాదాపు 2.34 మీటర్లు. కాటలీనా వెడల్పూ 2.34 మీటర్లే. ఓరగా వంచి ఎక్కించేవాళ్ళు ఉన్నారు గానీ, ఆ ఖర్చు, పైన సుంకం, ఇక్కడ ఇంజనుకు 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, ట్రైలర్‌కు వేరే కాగితాలు. మూడు వేల డాలర్లకు కొన్న పడవకు ఇదంతా దండగని అక్క ఒక్క మాటలో తీసిపారేసింది.

బావ మాత్రం తాళ్ళరేవు మేస్త్రీగారి నంబరు తీసుకున్నాడు. బల్లపరుపు అడుగు, ఇనప పలక బదులు పైకి లాగే చెక్క పలక, నలుగురు పడుకునే గది, మడిచే కొయ్య అని ఒక డ్రాయింగు గీసి డాలస్ నుంచి వాట్సాప్‌లో పంపాడు. రేటు ఇంకా రాలేదు. మేస్త్రీగారు తిరిగి అడిగింది ఒకటే: ఒడ్డుకు లాగడానికి మనుషులు ఎంతమంది ఉంటారని.