పిట్టల కోసం ముందు ఏది కొనాలి: బైనాక్యులరా, జూమ్ కెమెరానా?

ఈ చలికాలం వలస పిట్టలు దిగకముందే రెండు వస్తువులు కొన్నాను. ఒకటి 8×42 బైనాక్యులర్, రెండోది నికాన్ పీ950 సూపర్‌జూమ్ కెమెరా. అప్పటి నుంచి పిట్టలు చూసే మా బృందంలో కొత్తగా చేరినవాళ్లు ఒకటే అడుగుతున్నారు: "రెండూ కొనే స్తోమత లేదు, ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటారు?" నా జవాబు బైనాక్యులర్. అయితే కొందరికి మాత్రం కెమెరానే ముందు కొనుక్కోమంటాను. ఎవరికి ఏది, ఎందుకు అన్నది వివరంగా చెప్తాను.

ముందు అంకెల సంగతి తేల్చుకుందాం. కెమెరా డబ్బా మీద 83× అని ఉంటుంది, బైనాక్యులర్ మీద 8× అని ఉంటుంది. చూడగానే కెమెరా పది రెట్లు మెరుగనిపిస్తుంది. కానీ ఆ రెండు అంకెలకూ పొంతన లేదు. కెమెరా లెన్సు ఫోకల్ లెంగ్త్ (ఎంత దగ్గరగా చూపగలదో చెప్పే కొలత) 35 ఎం.ఎం. కెమెరా లెక్కలో 24 మి.మీ. నుంచి 2000 మి.మీ. దాకా మారుతుంది, రెండో అంకె మొదటిదానికి ఎన్ని రెట్లో చెప్పేదే ఆ 83. మన కంటి చూపుకు 50 మి.మీ. లెన్సు దగ్గరగా ఉంటుందని లెక్కేస్తే, పూర్తిగా జూమ్ చేసిన కెమెరా చూపేది సుమారు 40 రెట్లు. బైనాక్యులర్ మీది 8 మాత్రం నేరుగా కంటి లెక్కే. ఎనభై మీటర్ల దూరంలో కూర్చున్న పిట్ట పది మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి పోటీ 83కీ 8కీ కాదు, 40కీ 8కీ. ఇది కూడా చిన్న తేడా కాదు. అయినా నా ఓటు 8కే పడటానికి కారణం, పిట్టలు చూడటంలో కష్టమైన పని పెద్దగా చూడటం కాదు, అసలు పిట్ట ఎక్కడుందో దొరకబుచ్చుకోవడం.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తెల్లవారుజామున నడిచినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. చెట్ల నీడలో వెలుతురు తక్కువ. పది పదిహేను చిన్న పిట్టలు గుంపుగా కొమ్మ కొమ్మకూ మారుతూ పోతుంటాయి. ఒక్కొక్కటీ ఒక చోట రెండు సెకన్లు కూడా నిలవదు. బైనాక్యులర్ అయితే చూపు పిట్ట మీద నుంచి తీయకుండానే కళ్లకు ఆనించుకుంటాం, పిట్ట అందులో ఉంటుంది. రెండు కళ్లతో చూస్తాం కాబట్టి ఏ కొమ్మ ముందుందో, ఏది వెనకుందో లోతు కూడా తెలుస్తుంది. కెమెరాకైతే స్విచ్ వేయాలి, లెన్సు సాగాలి, ఒక కన్నుతో చిన్న తెరలోకి చూడాలి, ఫోకస్ కుదరాలి. ఇంతలో పిట్ట రెండు చెట్లు దాటిపోతుంది.

మా ఊరి చెరువు కట్ట మీద ఒక ఉదయం ఒక పసిరిక పిట్ట నాకు పాతిక మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద వాలింది. నోట్లో తేనెటీగ. బైనాక్యులర్‌లో చూస్తుంటే, అది తల పక్కకు వంచి ఈగను తీగకేసి కొడుతోంది. ఒకసారి కొట్టి, ముక్కులో ఈగను కాస్త జరిపి పట్టుకుని, మళ్లీ కొడుతోంది. ముల్లు ఊడి, విషం కారిపోయేదాకా అంతే. ఆ తర్వాతే మింగింది. గొంతు దగ్గరి నీలి మెరుపు, కంటి మీదుగా నల్లటి గీత, తోక నడుమ నుంచి పొడుచుకొచ్చిన రెండు సన్నటి ఈకలు, అన్నీ తీరిగ్గా చూశాను. కెమెరా ఆ రోజు కూడా నా మెడలోనే ఉంది. అది తీసి ఉంటే మంచి ఫోటో వచ్చేదేమో గానీ, ఆ ఈగను జరిపి పట్టుకున్న తీరు నా కంట పడేది కాదు. ఫోటో తీసేటప్పుడు మన ధ్యాసంతా ఫోకస్ మీద, వెలుతురు మీద ఉంటుంది. పిట్ట ఏం చేస్తోందన్నది వెనక్కి పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ మొదటి నెలల్లో చూడటం అలవాటు కావడం చాలా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

బైనాక్యులర్ అని తేల్చుకున్నాక వచ్చే రెండో ప్రశ్న 8×42 మంచిదా, 10×42 మంచిదా అని. దీనికైతే నేను తడుముకోను, 8×42. రెండో అంకె ముందున్న పెద్ద అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని మొదటి అంకెతో భాగిస్తే మన కంట్లోకి వచ్చే వెలుగు వృత్తం వెడల్పు వస్తుంది. 8×42లో 5.25 మి.మీ., 10×42లో 4.2 మి.మీ., జేబులో పట్టే 8×25లో 3 మి.మీ. పైచిలుకు. మిట్టమధ్యాహ్నం ఈ తేడా తెలియదు, ఎండకు కంటిపాప ఎలాగూ చిన్నదైపోతుంది. పిట్టలు హుషారుగా తిరిగే పొద్దున్న ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ తెలుస్తుంది. ఇక కనిపించే వెడల్పు: 1000 మీటర్ల దూరాన 8×లో మామూలుగా 125 నుంచి 140 మీటర్ల మేర కనిపిస్తే, 10×లో 100 నుంచి 115కి తగ్గిపోతుంది. చేతి వణుకు కూడా పది రెట్లయి కనిపిస్తుంది. పులికాట్ లాంటి విశాలమైన చోటే ఎక్కువగా తిరిగేవాళ్లు, చేయి నిలకడగా ఉండేవాళ్లు 10× తీసుకుంటే కాదనను.

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు "30×60" అంటూ, అద్దానికి ఎర్రటి పూతతో దొరికేవాటి జోలికి మాత్రం వెళ్లకండి. చీకటిగా, రంగులు మారిపోయి కనిపిస్తాయి. పిట్టలను గుర్తుపట్టడంలో సగం పని రంగులదే కదా.

ఇక కెమెరా గెలిచే చోట్లు. చలికాలంలో చెరువు అంచున బురదలో ఉల్లంకి పిట్టలు గుంపుగా మేస్తుంటాయి. అన్నీ బూడిద రంగే, అన్నీ దూరమే. ముక్కు సూదిలా సన్నగా, తిన్నగా ఉంటే మార్ష్ శాండ్‌పైపర్. కాస్త లావుగా ఉండి కొస పైకి వంగితే గ్రీన్‌షాంక్. ఇలాంటివి 8×లో తేలవు. కెమెరాతో నాలుగు ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే తేలిపోతాయి. ఈబర్డ్‌లో (చూసిన పిట్టల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్) అరుదైన పిట్ట పేరు నమోదు చేస్తే, సమీక్షించేవాళ్లు ఆధారం అడుగుతారు. అక్కడ మసక ఫోటో అయినా ఎంతో పనికొస్తుంది. మధ్య ఆసియా వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చే బార్‌హెడెడ్ బాతుల్లో కొన్నింటి మెడకు పరిశోధకులు అక్షరాలున్న పట్టీలు వేస్తారు. ఆ అక్షరాలు చదివి పంపితే ఆ బాతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవచ్చు. ఈ పనికి జూమ్ కెమెరాను మించింది లేదు.

పీ950లో నాకు బాగా నచ్చింది లెన్సు పక్కనున్న చిన్న బటన్. పూర్తి జూమ్‌లో పిట్ట తప్పిపోతే దాన్ని నొక్కి పట్టుకోవాలి. లెన్సు వెనక్కి వచ్చి చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. పిట్టను మధ్యలోకి తెచ్చుకుని బటన్ వదిలితే మళ్లీ పాత జూమ్‌కు వెళ్తుంది. ఇది అలవాటైతే ఫ్రేములో పిట్ట దొరకని బాధ సగం తీరుతుంది. తిప్పే డయల్ మీద పిట్టలకు ఒకటి, చంద్రుడికి ఒకటి ప్రత్యేక మోడ్‌లు కూడా ఉన్నాయి. మా ఇంట్లో పిల్లలు చంద్రుడి గుంతలు చూసి ఆ రాత్రి నిద్రపోలేదు.

లోటుపాట్లూ చెప్పాలి. బరువు కిలో పైమాటే. లోపలి సెన్సర్ చిన్నది, సుమారు మామూలు కాంపాక్ట్ కెమెరాలో ఉండేంత. అందుకే వెలుతురు తగ్గగానే ఈకల వివరం పోయి ఫోటో గరుకుగా వస్తుంది. ఒక చార్జింగ్‌కు మూడు వందల ఫోటోల లోపే అని కంపెనీ లెక్క, కాబట్టి రెండో బ్యాటరీ ఖర్చు కూడా ముందే కలుపుకోండి. పులికాట్‌లో ఎండెక్కాక నీటి మీద గాలి అలలుగా కదులుతుంది. అప్పుడు 2000 మి.మీ. జూమ్‌లో రాజహంసలు కరిగిపోతున్నట్టు వస్తాయి. ఇది కెమెరా తప్పు కాదు, ఎంత ఖరీదైన లెన్సుకైనా ఇంతే. తెల్లారేసరికి అక్కడ ఉండటమొక్కటే దీనికి మందు.

దగ్గరికి వెళ్లి చూడగలిగే చోట మాత్రం కెమెరా ప్రాణం పెట్టి పనిచేస్తుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరిని ఆనుకునే గూళ్లు కడతాయి. అక్కడ మధ్యస్థంగా జూమ్ చేసినా ఫ్రేము నిండిపోతుంది. ఒక్కమాట మాత్రం మనసులో పెట్టుకోండి: ఎక్కడైనా సరే, ఫోటో కోసం గూటికి ఇంకా దగ్గరగా జరగొద్దు. తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు, పిల్లలు మాడిపోతాయి. గూళ్ల ఫోటోలు పెట్టొద్దని చాలా బృందాలు నియమం పెట్టుకున్నది అందుకే.

ఇప్పుడు డబ్బు సంగతి. మంచి పేరున్న కంపెనీ 8×42 పది నుంచి పదిహేను వేలలో వస్తుంది. పీ950 అరవై వేలు దాటుతుంది. ధరలు మారుతుంటాయి గానీ తేడా మాత్రం ఈ స్థాయిలోనే ఉంటుంది. నా సలహా, చేతిలో ఇరవై వేలుంటే రెండూ కలిసొచ్చేలా చవక కెమెరా, చవక బైనాక్యులర్ వెతకొద్దు. మొత్తం మంచి బైనాక్యులర్ మీదే పెట్టండి. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉచితంగా వేసుకుంటే కూతను బట్టి పేరు సూచిస్తుంది, దాని మాటను కంటితో సరిచూసుకోండి చాలు. ఇప్పటికే రెండు మూడేళ్లుగా బైనాక్యులర్‌తో తిరుగుతూ నీటి పిట్టల లెక్కల్లో పాల్గొనేవాళ్లు, నడుము లేదా మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేక ఒకే చోట కూర్చుని చూసేవాళ్లు, వీళ్లకు నేను కెమెరా అంటాను. రెండో రకంవాళ్లకు చిన్న ట్రైపాడ్ కూడా కావాలి. డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా), 150-600 మి.మీ. లెన్సు దారి పూర్తిగా ఫోటోల మీద ప్రేమ ఉన్నవాళ్లది, ఆ బరువూ ఖర్చూ వేరు.

బైనాక్యులర్ కొనేముందు దుకాణంలో మూడు పనులు చేయండి. చేయి చాపి పట్టుకుని, కంటి వైపు అద్దంలో కనిపించే వెలుగు చుక్కను చూడండి. అది గుండ్రంగా ఉండాలి, అంచులు నలుచదరంగా కోసినట్టుంటే లోపలి పట్టకాలు నాసిరకం. ఎడమ కన్నుతో నడిమి చక్రం తిప్పి ఒక బోర్డు అక్షరాలు స్పష్టం చేసుకుని, తర్వాత కుడి కన్నుకు ఉన్న రింగు తిప్పి అవే అక్షరాలు సరిచేసుకోండి. ఇది చేయకుండానే "మసకగా ఉంది" అని వదిలేసేవాళ్లు చాలామంది. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడుతోనే చూడాలి, రబ్బరు కప్పులు లోపలికి తిప్పేసి. బొమ్మ చుట్టూ నల్లటి అంచు కమ్మితే ఆ మోడల్ మీకు నప్పదు.

కోస్తా జిల్లాలవాళ్లకు ఇంకొక్క విషయం. వానాకాలం గాలి తేమకు అద్దాల మీద బూజు పడుతుంది. నైట్రోజన్ నింపి మూసేసిన బైనాక్యులర్‌కు లోపల ఆ భయం తక్కువ. జూమ్ కెమెరా లెన్సు సాగి ముడుచుకున్నప్పుడల్లా బయటి గాలిని, దుమ్మును లోపలికి లాక్కుంటుంది. వాన చినుకులకు కూడా పీ950కి రక్షణ లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరా అందులో పెట్టండి, పొట్లాలు రంగు మారితే మార్చండి. తోలు సంచిలో బీరువాలో మాత్రం ఉంచొద్దు.