డ్రైవరుతో కారు మాట్లాడుకుని అరసవల్లి నుంచి ముఖలింగం దాకా: మా ఒక్కరోజు తిరుగుడు

మాది విజయనగరం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అప్పకి డెబ్బై ఒకటి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఖరగ్‌పూర్‌లోనే ఉంటోంది, మా బావగారిది రైల్వే ఉద్యోగం. అప్పకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మొన్న మార్గశిరంలో వచ్చినప్పుడు ఒకే మాట పట్టుకుంది: "చెల్లీ, ఈసారి ముఖలింగం చూపించకుండా నన్ను రైలెక్కించకు." మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. చిన్నప్పుడు ఎడ్ల బండి మీద వెళ్లిన దారి అది. బస్సులు మారుతూ వెళ్లడం అప్ప వల్ల కాదు. ఆటో అంటే నాకే భయం. అందుకని డ్రైవరుతో సహా ఒక రోజుకి కారు మాట్లాడాను. ఇంట్లో పెద్దవాళ్లను శ్రీకాకుళం వైపు తిప్పాలనుకునేవాళ్లకి పనికొస్తుందని మా అనుభవమంతా రాస్తున్నాను. ట్రావెల్స్ పేరు మాత్రం రాయను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మాట్లాడుకున్నది ఇలా. ఎర్టిగా బండి, 250 కిలోమీటర్ల దాకా 5,200 రూపాయలు. ఆపైన కిలోమీటరుకి 16. డ్రైవర్ బేటా (రోజు భత్యం) 400, టోల్, పార్కింగ్ మావే. ఎర్టిగానే కావాలని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మరీ కిందకున్న సీటు నరకం, మరీ ఎత్తయిన బండీ నరకమే. ఎర్టిగా సీటు ఆ రెండిటికీ మధ్యలో ఉంటుంది. ఈ మాట ఆఫీసులో కూర్చున్న అబ్బాయికి రెండుసార్లు చెప్పాను. "అలాగే మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు.

బుధవారం తెల్లవారుజామున ఐదింటికి ఇంటి ముందు ఆగింది డిజైర్, సీటు కిందకుండే కారు. ఫోన్ చేస్తే ఎర్టిగా రాత్రి వైజాగ్ నుంచి తిరిగి రాలేదట. ముందే చెప్పి ఉంటే ప్రయాణం మర్నాటికి మార్చుకునేవాళ్లం. నాకు కోపం వచ్చింది. అప్ప అప్పటికే స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పూల బుట్ట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆ మొహం చూసి వెనక్కి పంపలేకపోయాను.

డ్రైవరు ముప్పై దాటిన కుర్రాడు, గార మండలం వాడు. అప్ప నడక చూడగానే ఏమీ అడగకుండా డిక్కీలోంచి దుప్పటి తీసి నాలుగు మడతలు వేసి ముందు సీట్లో పరిచాడు. సీటు పూర్తిగా వెనక్కి జరిపాడు. "అమ్మా, ముందు వెనక్కి తిరిగి కూర్చోండి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి" అన్నాడు. అప్ప మొదటిసారి మూలుగు లేకుండా కారెక్కింది. వాళ్ల నాన్నమ్మని ఆసుపత్రికి తిప్పి నేర్చుకున్నాడట.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. బండి రాగానే నంబర్ ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది అద్దెకి తిప్పే బండి. తెల్ల ప్లేటు సొంత కారుని కొందరు రెండొందలు తగ్గించి అద్దెకి పంపుతున్నారు. జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. మాకు వచ్చింది పసుపు ప్లేటే, ఆ విషయంలో ఆఫీసుని తప్పుపట్టను.

ఆఫీసు వాళ్లు వాట్సాప్‌లో పంపిన వరస ఇది: మొదట పొందూరు, తర్వాత అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం, చివర్లో శాలిహుండం, కళింగపట్నం. నాతవలస దగ్గర హైవే ఎక్కగానే డ్రైవరు ఆ వరస మాట ఎత్తాడు. "అమ్మా, ఇలా వెళ్తే ఏదీ సరిగ్గా చూడలేరు. ఆరున్నరకి పొందూర్లో ఖాదీ సంఘం తలుపులు తెరవరు. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు. పొద్దు వాలాక శాలిహుండం కొండెక్కి ఏం చూస్తారు?" అన్నాడు. మేం డబ్బిచ్చి కొనుక్కున్న ప్లాన్ కన్నా ఈ కుర్రాడి బుర్రలో ఉన్న వరసే మేలనిపించింది. నీ ఇష్టమే కానీ అన్నాను. ఆ రోజంతా మేం సుఖంగా తిరిగామంటే ఆ ఒక్క మాట వల్లే.

ఏడు కాకుండానే అరసవల్లిలో ఉన్నాం. ఆదివారాలు, రథసప్తమి దగ్గర్లో అయితే ఇక్కడ నిలబడడానికి చోటుండదు. బుధవారం పొద్దున్న కాబట్టి క్యూ లేదు. వీలైనంత దగ్గరగా దింపి, వాడు బండి పెట్టుకోడానికి వెళ్లాడు. ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయపు కిరణాలు నేరుగా స్వామి పాదాల మీద పడతాయని మన జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. నాకు ఈసారి కళ్లు నిలిచింది మాత్రం ఏడు గుర్రాల రథం తోలే అనూరుడి మీద. అనూరుడంటే తొడలు లేనివాడని అర్థం. పాఠంలో ఎన్నోసార్లు ఈ మాట విడదీసి చెప్పాను. ఇప్పుడు పక్కన అప్ప నా భుజం పట్టుకుని నిలబడి వింటోంది. "నడవలేనివాడే సూర్యుడి బండి తోలుతున్నాడా" అని కాసేపు అలాగే చూసింది. ఆ పూటంతా ఇంక మోకాళ్ల మాట ఎత్తలేదు.

శ్రీకూర్మంలో చాలాసేపు ఉన్నాం. విష్ణుమూర్తికి కూర్మావతారంలో పూజ జరిగే గుడి మనకి దొరకడమే అరుదు. స్వామి పడమరకి చూస్తుంటాడు. రెండు ధ్వజస్తంభాలుంటాయి. ఇవి అందరూ చెప్పేవే. నన్ను ఆపేసినవి స్తంభాల మీది శాసనాలు. వందల ఏళ్ల కిందటి తెలుగు, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవొచ్చు. ఒక స్తంభం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ప్రదక్షిణ మంటపం గోడల మీద పాత రంగుల బొమ్మలు కొన్నిచోట్ల చెరిగిపోయాయి, మిగిలినవాటిని చేత్తో తాకకండి దయచేసి. అప్ప ఈలోగా నక్షత్ర తాబేళ్ల దగ్గర కూర్చుంది. డ్రైవరు బయట ఆకుకూర కట్ట కొనితెచ్చి ఇచ్చాడట. నేను వెళ్లేసరికి ఒక చిన్న తాబేలుతో ఖరగ్‌పూర్ కబుర్లు చెబుతోంది. గంటకి ఇంతని లెక్కపెట్టే బండైతే నేను ఆ స్తంభం దగ్గర నిలబడేదాన్నే కాదు. వాడు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు, ఫోన్ చెయ్యలేదు.

అక్కడి నుంచి గార మీదుగా శాలిహుండం. వంశధార ఒడ్డున బౌద్ధుల కొండ ఇది. 1919లో దీన్ని గుర్తించి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తి పంతులుగారు. తెలుగు పంతులమ్మగా నా ఉద్యోగమంతా ఆయన పెట్టిన భిక్ష అనుకుంటాను. వాడుక భాషలో పిల్లలు రాయవచ్చని పోరాడిన మనిషి, ఇక్కడ ఇటుక కుప్పల్లో స్తూపాల్ని కూడా చూడగలిగాడు. ఇన్నేళ్లూ ఆగస్టు 29న బడిలో ఆయన ఫొటోకి దండ వేయించాను కానీ ఈ కొండ ఎక్కింది ఇదే మొదలు. అది తలుచుకుంటే సిగ్గేసింది.

పైకి ఎక్కాలి, అప్ప వల్ల కాదు. ఇది ఏ ట్రావెల్స్ వాళ్లూ ముందే చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు శాలిహుండంలో కిందున్న మ్యూజియంతో సరిపెట్టుకోవాలి. తార, మారీచి వంటి విగ్రహాలు అందులో ఉన్నాయి, అవి చూసినా వచ్చిన శ్రమ దక్కుతుంది. అప్పకి తోడుగా డ్రైవరుని కింద ఉంచి నేనొక్కదాన్నే ఎక్కాను. పైన స్తూపాల పునాదులు, చక్రాల్లా పేర్చిన ఇటుకలు, అవతల వంశధార. గాలి తప్ప చప్పుడు లేదు. నీళ్ల సీసా మరిచిపోయి ఎక్కాను, మీరు మరిచిపోకండి, పైన ఏమీ దొరకదు.

కళింగపట్నం దగ్గరే. వంశధార సముద్రంలో కలిసే చోటు, ఒకప్పటి రేవు, లైట్‌హౌస్. ఎండ ముదిరింది కాబట్టి పావుగంటే ఆగాం. అప్ప కారు దిగలేదు, తలుపు తెరిచి పెట్టుకుని సముద్రాన్ని చూసింది. దారిలో ఉడికించిన తేగలు కనిపిస్తే బండి ఆపి కొన్నాం. ముగ్గురం నార తీసుకుంటూ తిన్నాం. ఖరగ్‌పూర్‌లో దొరకని వాటిలో ఇదొకటి అని అప్ప రెండు కట్టలు సంచిలో వేసుకుంది.

మళ్లీ హైవే ఎక్కి, మడపాం దగ్గర టోల్ కట్టి, నరసన్నపేటలో భోజనం. డ్రైవరు తను వేరేచోట తింటానన్నాడు. కుదరదని మా బల్ల దగ్గరే కూర్చోబెట్టాం. పొద్దున్న నాలుగింటి నుంచి మేలుకుని ఉన్న మనిషి అతను. భోజనమయ్యాక అరగంట కారులో పడుకోమని నేనే చెప్పాను. ముఖలింగం గుడి ఎలాగూ అప్పుడే తెరవరు. బండి అద్దెకి తీసుకున్నాం కదా అని డ్రైవరుని రోజంతా పరిగెత్తించేవాళ్లని చూశాను. రాత్రి హైవే మీద లారీల మధ్య మన ప్రాణాలు అతని కళ్ల మీదే ఉంటాయి. ఆ అరగంట అతనికి ఇవ్వండి.

జలుమూరు మీదుగా ముఖలింగం చేరేసరికి మూడున్నర దాటింది. ఊరు మొదట్లో సోమేశ్వరాలయం కనబడగానే అప్ప "ఇదే, ఇక్కడే బండి ఆపేవారు తాతయ్య" అంది. అంతవరకూ నోరు మూత పడని మనిషి తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మధుకేశ్వరుడి గుడి గురించి ఎంత చెప్పినా తక్కువే. మధూకమంటే ఇప్ప చెట్టు. ఆ చెట్టులోనే స్వామి వెలిశాడని చెబుతారు. ఊరంతా కలిసి ఒకప్పటి కళింగనగరం, తూర్పు గంగ రాజుల రాజధాని. మా అప్ప ఏటా పూరీ వెళ్తుంది. ఇప్పుడున్న పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశం వాడేనని చెబితే నమ్మలేకపోయింది. "మన అమ్మ ఊరి రాజులేనా?" అని రెండుసార్లు అడిగింది. ఇక్కడి శాసనాల లిపిని గిడుగువారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఎవరూ నేర్పకుండా సొంతంగా నేర్చుకుని చదివారు. ఆయన పుట్టింది కూడా ఈ పక్కనున్న పర్వతాలపేటలోనే, 1863లో. ద్వారబంధాల మీది లతలు, బొమ్మలు చూడడానికే ఒక పూట కావాలి. మాకు గంటన్నర దొరికింది. కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి ఇలా తీరిగ్గా చూడడం కుదరదు. అందుకే నెల దాటాక రావడం మంచిదయింది.

గుడిలోకి అప్పని ఒక పక్క నేను, ఒక పక్క డ్రైవరు పట్టుకుని తీసుకెళ్లాం. ఇది అతని పని కాదు. ఏ కాగితం మీదా రాసి లేదు. దర్శనమయ్యాక అప్ప అతని చేతిలో కొబ్బరి చెక్క పెట్టి "మా నాయనే" అంది.

తిరిగి రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరాం. బండి నడిపిన తీరుకి వంక పెట్టలేను. హైవే మీద ఎనభై దాటలేదు. ఊళ్లలో వడ్లు ఆరబోసిన రోడ్ల మీద ఆ కల్లాలకి టైరు తగలకుండా పక్కనుంచి తీశాడు.

ఇప్పుడు బిల్లు సంగతి. మా ఇంటి నుంచి మా ఇంటికి మీటరు 262 చూపించింది. బిల్లులో 281 వేశారు. అడిగితే లెక్క వాళ్ల షెడ్డు నుంచి షెడ్డుకట. మాట్లాడుకున్నప్పుడు ఆ ముక్క అనలేదు. పైగా డిజైర్ పంపి ఎర్టిగా రేటు వేశారు. నేను ఆఫీసుకి వెళ్లి గంటసేపు కూర్చుంటే 700 తగ్గించారు. క్షమించమన్న మాట మాత్రం రాలేదు. బేటా కూడా బిల్లులో కలిపి తీసుకుని డ్రైవరుకి తర్వాత ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇంటి దగ్గరే అతని చేతిలో పెట్టాను, పైన ఇంకో ఐదొందలతో. మీరు మాట్లాడుకునేటప్పుడు మూడు విషయాలు వాట్సాప్‌లో రాయించుకోండి: ఏ బండి, కిలోమీటర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయి, బేటా ఎవరి చేతికి. నోటిమాట మీద వదిలేసి నేను ఇబ్బంది పడ్డాను.

ఆ ఆఫీసుకి మళ్లీ వెళ్లను. ఆ డ్రైవరుతో అయితే ఎక్కడికైనా వెళ్తాను. ఫోన్ నంబరు తీసుకున్నాను. అతను సంక్రాంతి తర్వాత వేరే యజమాని దగ్గరకి మారుతున్నాడట. పొందూరు అలాగే మిగిలిపోయింది కదా. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం అప్ప కళ్లారా చూడాలంటోంది, బావగారికి ఒక పంచె కూడా తీసుకోవాలట. మాఘంలో వస్తానంది. ఈసారి పదింటికి బయల్దేరితే చాలని డ్రైవరు అప్పుడే చెప్పేశాడు.