టర్బో కారుకు 87 చాలా, 93 కావాలా? మా సీఎక్స్-5 చెప్పిన సమాధానం

మాది 2022 మాజ్దా సీఎక్స్-5, 2.5 లీటర్ల టర్బో ఇంజన్. ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇక్కడి పంపుల మీద 87 అంటే మామూలు (రెగ్యులర్) పెట్రోలు, 93 అంటే ఖరీదైన ప్రీమియం; ఆ అంకెలు ఆక్టేన్ అనే కొలత. ఈ కారులో ప్రీమియం పెట్రోలు మీద నా తీర్పు ముందే చెప్పేస్తాను. టెక్సస్ ఎండాకాలంలో, కారు నిండా మనుషులతో, హైవే మీద దూరం వెళ్లేటప్పుడు 93 పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. మిగిలిన రోజుల్లో 87 చాలు. "టర్బో కదా, ప్రీమియమే పొయ్యాలి" అన్న ఒక్క మాట నమ్మి ఏడాది పొడవునా అదనంగా కట్టేవాళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరి, అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపే పిల్లలు కూడా అలా ఖర్చు పెడుతుంటే నాకు మనసు ఒప్పక ఇది రాస్తున్నాను.

ఈ కారును ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. చాలా కంపెనీలు ఇంజన్ బలానికి ఒకే అంకె ఇచ్చి ఊరుకుంటాయి. మాజ్దా మాత్రం రెండు రకాల పెట్రోలుకూ రెండు అంకెలు ఇచ్చింది. 87 పోస్తే 227 హార్స్‌పవర్, 93 పోస్తే 256. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 87తో 310 పౌండ్-అడుగులు, 93తో 320. అంటే పెట్రోలు మారితే కారు బలం ఎంత మారుతుందో తయారుచేసినవాళ్లే కాగితం మీద పెట్టారు. మనం ఊహించుకోవలసిన పని లేదు.

ఆ అంకెలను కాస్త నిదానంగా చూడండి. హార్స్‌పవర్‌లో తేడా 29, అంటే దాదాపు పదమూడు శాతం. టార్క్‌లో తేడా మూడు శాతమే. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు, పిల్లలను బడి దగ్గర దింపి వచ్చేటప్పుడు, పార్కింగ్‌లో తిరిగేటప్పుడు మనకు అక్కరకొచ్చేది తక్కువ వేగంలో దొరికే టార్క్. అది రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. మిగతా హార్స్‌పవర్ అంతా ఇంజన్ గట్టిగా తిరిగేటప్పుడు, యాక్సిలరేటర్‌ను లోపలిదాకా తొక్కినప్పుడు బయటపడుతుంది. కుటుంబం తిరిగే కారులో అలాంటి క్షణాలు రోజుకు ఎన్ని వస్తాయో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఇంజన్ లోపల జరిగేది ఇది. టర్బో బయటి గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ కొంత చల్లబరిచినా, సిలిండర్‌లో పిస్టన్ దాన్ని మళ్లీ నొక్కుతుంది. ఆ వేడికీ ఒత్తిడికీ పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమంలో కొంత భాగం మంట తన దాకా రాకముందే దానంతట అదే అంటుకుంటే దాన్నే నాకింగ్ అంటారు. గట్టిగా వచ్చినప్పుడు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది, పిస్టన్లకు మంచిది కాదు. ఆక్టేన్ అంకె చెప్పేది ఈ తొందరపాటు మంటను ఆ పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో, అంతే. 93లో 87 కన్నా ఎక్కువ శక్తి దాగి ఉందనుకోవడం పొరపాటు.

ఇప్పటి ఇంజన్లకు నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. అది సూచన ఇవ్వగానే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది, అవసరమైతే టర్బో ఒత్తిడిని తగ్గిస్తుంది. ఇంజన్ క్షేమంగా ఉంటుంది, బలం మాత్రం తగ్గుతుంది. అందుకే మా కారులో 87 పోస్తే పాడవుతుందని భయపడనక్కరలేదు. మాజ్దా దీన్ని 87తో నడిచేలాగే తయారుచేసింది.

ఇక ఎండ సంగతి. ఆగస్టులో డాలస్‌లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. టర్బోలోకి వెళ్లే గాలే వేడిగా ఉంటే లోపల ఇంకెంత వేడెక్కుతుందో చెప్పనక్కరలేదు. హ్యూస్టన్ పక్కన పియర్లాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడికి మేము ఐ-45 మీద వెళుతుంటాం. అత్తయ్య, ఇద్దరు పిల్లలు, మేము మార్చి మార్చి నడిపే కారు, వెనక సామాను, ఏసీ పూర్తిగా. మాడిసన్‌విల్‌లో బకీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్‌లో ఆగి, మళ్లీ హైవే ఎక్కే ర్యాంపు మీద పద్దెనిమిది చక్రాల లారీ పక్కన వస్తుంటే దాని ముందు చేరాలా, వెనక చేరాలా అని తేల్చుకోవాలి. 87 ఉన్నప్పుడు అక్కడ కారు ఒక్క ఊపు తీసుకుని తరువాత నీరసపడుతుంది. 93 ఉన్నప్పుడు అదే ఊపు డెబ్బై మైళ్ల వేగం దాకా నిలబడుతుంది. పక్క సీట్లో కూర్చున్న అత్తయ్యకు కూడా తెలిసే తేడా అది. "ఈసారి బండి తేలిగ్గా పోతోందమ్మా" అని ఆవిడే అన్నారు, ట్యాంకులో ఏముందో ఆవిడకు తెలియదు. ఆ ప్రయాణాలకు నేను ప్రీమియం డబ్బు సంతోషంగా ఇస్తాను. భద్రంగా హైవేలో కలవడం నాకు ముఖ్యం.

అదే కారు, జనవరిలో, నేను ఒక్కదాన్నే ఇర్వింగ్ ఆఫీసుకు వెళ్లే ఉదయం. నార్త్ టోల్‌వే మీద ముందు కారు వెనక కారు, నలభై దాటని వేగం. అక్కడ 93 ఉన్నా 87 ఉన్నా నాకు తేడా కనిపించలేదు. కనిపిస్తుందని ఎదురుచూశాను కూడా. మా వారికి ఈ కారంటే ప్రాణం. ఏ కాలమైనా 93 పొయ్యాలన్నదే ఆయన వాదం. చలికాలంలో ట్యాంకు ఎవరు నింపితే వారి మాట నెగ్గుతోంది.

ఖర్చు లెక్క చూద్దాం. మా దగ్గర గ్యాస్ స్టేషన్లలో రెగ్యులర్‌కూ ప్రీమియంకూ తేడా గ్యాలన్‌కు 80 సెంట్ల నుంచి డాలరు దాకా ఉంటోంది. ఈ కారు ట్యాంకు 15.3 గ్యాలన్లు పడుతుంది, అంటే నింపిన ప్రతిసారీ పన్నెండు డాలర్లకు పైనే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో దీని మైలేజీ ఊరూ హైవే కలిపి గ్యాలన్‌కు 24 మైళ్లు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 500 గ్యాలన్లు. 80 సెంట్ల చొప్పున 400 డాలర్లు అదనం. ప్రీమియంతో మైలేజీ పెరిగి ఆ డబ్బు తిరిగి వస్తుందని కొందరు అంటారు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2017లో, కంపెనీలే ప్రీమియం మంచిదని చెప్పిన కార్ల మీద పరీక్ష చేస్తే మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. మా కారుకూ అంతే పెరిగిందనుకుందాం. ఏడాదికి మిగిలేది 13 గ్యాలన్లు. 400 డాలర్లు పెట్టి 13 గ్యాలన్లు ఆదా చేసుకోవడం లెక్క కుదిరే పని కాదు. కాబట్టి ప్రీమియం కొంటే బలం కోసం కొనాలి, ఆదా కోసం కాదు.

ఇంకో నమ్మకం కూడా ఉంది, ప్రీమియం ఇంజన్‌ను శుభ్రం చేస్తుందని. శుభ్రం చేసేది ఆక్టేన్ కాదు, పెట్రోలులో కలిపే డిటర్జెంటు. దానికోసం టాప్ టియర్ అనే ప్రమాణాన్ని 2004లో కొన్ని కార్ల కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. ఆ గుర్తు ఉన్న బ్రాండు అన్ని గ్రేడ్లలోనూ, 87లో కూడా, ఆ ప్రమాణం పాటించాలి. ఇదే అసోసియేషన్ 2016లో చేసిన పరీక్షలో, ఆ గుర్తు లేని పెట్రోళ్లు 4,000 మైళ్ల తరువాత సగటున 19 రెట్లు ఎక్కువ మడ్డి మిగిల్చాయి. గుర్తు లేని చోట 93 పోసేకన్నా గుర్తు ఉన్న చోట 87 పోయడం నా దృష్టిలో ఎంతో మేలు. మా కారులో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీది మసిని ఏ పెట్రోలూ కడగలేదు. ఇంజెక్టర్ల శుభ్రతకు మాత్రం మంచి డిటర్జెంటు కావాలి.

నేను ఎక్కువగా వెళ్లేది కాస్ట్‌కో అనే టోకు దుకాణం పంపుకు. వాళ్ల సొంత బ్రాండు కర్క్‌లాండ్ పెట్రోలు టాప్ టియర్‌దే. మా దగ్గర 87, 93 రెండే ఉంటాయి, మధ్యలో 89 లేదు, దాని లోటూ లేదు. రెండింటి ధరల తేడా బయటికన్నా తక్కువ. అందుకే వేసవి ప్రయాణాలకు 93 అక్కడే నింపుతాను. శనివారం మధ్యాహ్నం వరస పొడుగ్గా ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మంచిది. ఒక సంగతి గుర్తుంచుకోండి. సగం ట్యాంకు 87 ఉండగా మిగతా సగం 93 నింపితే లోపల ఉండేది 90 మాత్రమే. ప్రయాణానికి ముందు ట్యాంకు అడుగుకు వచ్చేదాకా ఆగి నింపితేనే పెట్టిన డబ్బు పనిచేస్తుంది.

ఇదంతా మా కారు మాట. ప్రతి టర్బోకూ వర్తించదు. పెట్రోలు మూత లోపలా, మాన్యువల్‌లోనూ రాసిన మాటే ఆఖరి మాట. ప్రీమియం 'తప్పనిసరి' అని ఉంటే ఇక వాదన లేదు, సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ అలాంటిది. 'సిఫారసు' అని ఉంటే, అక్యురా ఆర్‌డీఎక్స్ లాగా, రెగ్యులర్‌తో నడుస్తుంది గానీ చెప్పిన బలం రాదు. హోండా సీఆర్-వీ 1.5 టర్బో, సుబారు అవుట్‌బ్యాక్ ఎక్స్‌టీ రెగ్యులర్‌కే తయారైనవి. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2019లో పరీక్షిస్తే ఆ సీఆర్-వీకి 93తో చెప్పుకోదగ్గ లాభం రాలేదు. టర్బో లేని క్యామ్రీలో, కరోలాలో ప్రీమియం పోసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే, ఆ డబ్బు మంచి టైర్లకు దాచుకోండి.

విజయవాడ నుంచి మా తమ్ముడు అడిగాడు, "అక్కా, మా దగ్గర మామూలు పెట్రోలే 91 కదా, మీ అమెరికాలో 87 పోస్తారేమిటి?" అని. రెండు దేశాల కొలతలు వేరు. భారతదేశంలో రాసేది ఆర్ఓఎన్ అనే కొలత. ఇక్కడ పంపు మీద రాసేది ఆర్ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు కొలతల సగటు. ఇక్కడి 87 అక్కడి 91కి దగ్గరగా ఉంటుంది, ఇక్కడి 93 అక్కడి 97, 98కి. వాడిది టర్బో ఇంజన్ ఉన్న టాటా నెక్సాన్ కారు. 95 ప్రీమియం పోయించాలా అన్నది వాడి సందేహం. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన మామూలు పెట్రోలు ఆక్టేన్ 95కి చేరిందని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. అలాంటప్పుడు 95 అన్న అంకె కోసమే ఎక్కువ డబ్బు ఇవ్వడంలో అర్థం లేదని, ముందు మాన్యువల్‌లో ఏ ఆక్టేన్ అడిగారో చూడమని చెప్పాను.

వేసవిలో డాలస్ నుంచి కొలరాడో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక, ఇది నిజంగా ముఖ్యం. అమరిల్లో దాటి, 7,834 అడుగుల ఎత్తున్న రాటన్ కనుమ ఎక్కి దిగాక, అక్కడి పంపుల మీద రెగ్యులర్ అంటే 85. మధ్య రకం 87, ప్రీమియం 91. ఎత్తులో గాలి పలచబడుతుంది కాబట్టి తక్కువ ఆక్టేన్ చాలన్నది పాత కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటి పద్ధతి. టర్బో ఆ పలచటి గాలిని మళ్లీ నొక్కి చిక్కబరుస్తుంది, కాబట్టి ఆ సడలింపు మన కారుకు వర్తించదు. పైగా అక్కడ అన్నీ ఎక్కుడు దారులే. ఇంట్లో అలవాటు కొద్దీ అన్నిటికన్నా చవకైన బటన్ నొక్కకండి. 87 అని రాసి ఉన్న మధ్య బటన్ నొక్కండి. నిండా మనుషులుండి కొండలెక్కే రోజైతే 91 పోయండి.