విద్యార్థి సంఘం: ఢిల్లీ యూనివర్సిటీ పద్ధతా, జేఎన్‌యూ పద్ధతా, నామినేషనా?

యూనివర్సిటీ ఎన్నికలు అవగానే ఎవరు గెలిచారని అడుగుతాం. గెలిచినవాళ్లను ఏడాది మధ్యలో ఆపి లెక్క అడిగే దారి ఉందా? నేను మొదట చూసేది అదే.

ఢిల్లీ యూనివర్సిటీలో యాభైకి పైగా కాలేజీల నుంచి లక్షమందికి పైగా ఓటర్లు నలుగురు ఆఫీస్ బేరర్లను నేరుగా ఎన్నుకుంటారు. అంతమందికి పేరు తెలియాలంటే డబ్బూ, పార్టీ అండా కావాల్సిందే. విద్యార్థి ఎన్నికలు ఎలా జరగాలో సూచించిన లింగ్డో కమిటీ సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, చేత్తో తయారుచేసిన పోస్టర్లే వాడాలి. అయినా 2024లో గోడలన్నీ పోస్టర్లతో పాడుచేశారు. అవి శుభ్రం చేసేదాకా లెక్కింపు వద్దని హైకోర్టు ఆపేసింది. సెప్టెంబర్ 27న ఓటేస్తే ఫలితం వచ్చింది నవంబర్ 25న!

జేఎన్‌యూలోనూ (ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) నలుగురిని నేరుగానే ఎన్నుకుంటారు. కానీ ప్రతి స్కూల్ (అంటే యూనివర్సిటీలోని ఒక్కో శాఖ) నుంచీ ప్రతినిధులుగా కౌన్సిలర్లు ఉంటారు, ఎన్నిక నడిపేది విద్యార్థుల కమిషనే. ఓటింగుకు ముందు స్కూల్ జనరల్ బాడీ మీటింగ్ పెడతారు. పాత కౌన్సిలర్లు ఏం చేశారో రిపోర్టు చదవాలి, ఎవరైనా లేచి నిలదీయొచ్చు. అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. లోపాలు లేవనను. లింగ్డో నిబంధనల గొడవతో 2008 నుంచి 2012 దాకా, కోవిడ్ వల్ల 2019 తర్వాత 2024 దాకా అక్కడ ఎన్నికలే లేవు. మళ్లీ జరిగినప్పుడు మాత్రం దాదాపు 73 శాతం మంది ఓటేశారు.

ఇక నామినేషన్, అంటే ఎన్నిక లేకుండా యూనివర్సిటీ పైవాళ్లే ప్రతినిధిని ఎంపిక చేయడం. పైవాళ్లు ఎంపిక చేసిన ప్రతినిధి ఆ పైవాళ్లను ఏం నిలదీస్తాడు? లింగ్డో కమిటీ కూడా దీన్ని తాత్కాలిక ఏర్పాటుగానే ఒప్పుకుంది.

మన దగ్గర ఉస్మానియాలో 1980ల చివర్లో ఆగిన ఎన్నికలు మళ్లీ మొదలవలేదు. అందుకే మెస్ బిల్లయినా, ఫీజు రీయింబర్స్‌మెంట్ అయినా ధర్నా తప్ప దారి లేదు. అదే ఊళ్లోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతున్నాయి కదా.

నా ఓటు జేఎన్‌యూ పద్ధతికే, ఒక్క మార్పుతో. ఉస్మానియా లాంటి పెద్దచోట లక్షలమందితో నేరుగా ఓటేయించడం కంటే, ముందు కాలేజీల వారీగా కౌన్సిలర్లను ఎన్నుకుని, వాళ్లచేత కేంద్ర సంఘాన్ని ఎన్నుకోనిస్తే ఖర్చు తగ్గుతుంది. ఏటా రిపోర్టు చదివే మీటింగ్ మాత్రం నిబంధనల్లోనే రాయాలి.