మామూలు పెట్రోలా, పవర్ పెట్రోలా?

బంకులో కారు ఆపగానే "సార్, పవర్ కొట్టమంటారా?" అని అడుగుతారు. ఎక్స్‌పీ95, పవర్95 లాంటివి మామూలుదానికన్నా లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువే. మరి ఇంజిన్‌కు ఒరిగేదేంటి?

95 అన్నది ఆక్టేన్ నంబరు. అది ఇంధనంలోని బలం కాదు, నాకింగ్‌ను తట్టుకునే గుణం. నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతూ పై గేరులోనే యాక్సిలరేటర్ తొక్కితే లోపల టకటకమంటుందే, అదే నాకింగ్. స్పార్క్‌తో పుట్టిన మంట చేరేలోపే మిగిలిన ఇంధనం తనంతట తానే అంటుకుంటుంది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఇంజిన్లలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ హై ఆక్టేన్ అక్కరకొస్తుంది, పికప్ తగ్గకుండా ఉంటుంది. టర్బో లేని చిన్న కారులో తేడా కనిపెట్టడం కష్టం. పైగా 20 శాతం ఇథనాల్ కలిశాక మామూలు పెట్రోలు ఆక్టేన్ కూడా 95 దగ్గరికి వచ్చేసింది! మైలేజీ తగ్గడానికీ ఆ ఇథనాలే కారణం. లీటరుకు దాని శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ.

ట్యాంకులో పోయమని విడిగా అమ్మే అడిటివ్ సీసాల సంగతికొస్తే, పాలీఈథరమైన్ అనే శుభ్రపరిచే రసాయనం ఉన్నవి పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్ల మసిని నిజంగానే వదిలిస్తాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో మాత్రం పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతారు కాబట్టి అది గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వులను తాకదు, అక్కడి మసి అలాగే ఉంటుంది. పవర్ పెట్రోల్లో ఎలాగూ క్లీనర్లు కలుపుతారు, దానిమీద సీసా కూడా పోయడం దండగ.

నేనైతే మామూలుదే కొట్టిస్తాను. మీది టర్బో అయితే మాన్యువల్‌లో ఏ ఆక్టేన్ అడిగారో చూడండి. 95 తప్పనిసరి అని ఉంటే పవర్ కొట్టించడానికి వెనకాడక్కర్లేదు.